సోగ్నె ఫియోర్డు గట్టున నాలుగు దినములు

నార్వే దేశపు పటమును ముందుంచుకొని చూచినచో దాని పడమటి అంచు చెదలు కొరికిన తాటాకువలె కనబడును. సముద్రము ఎక్కడికక్కడ సన్నని పాయలుగా చీలి, కొండలనడుమ దూరి, భూమిలోనికి చొచ్చుకొనిపోయినది. ఈ పాయలనే ఆ దేశమువారు ఫియోర్డులందురు. వారి దేశమున వానిలో పొడవైనది, లోతైనది సోగ్నె ఫియోర్డు. సముద్రముఖమునుండి లోపలి కొసవరకు దాని నిడివి 200 కిలోమీటర్లకు పైబడి యున్నది. అనగా రమారమి విశాఖపట్టణమునకును రాజమహేంద్రవరమునకును గల దూరము. లోతు 1,300 మీటర్లకు మించును. మన హార్సిలీ కొండను మొదలంట పెకలించి అందులో దింపినచో శిఖరము నీటిమట్టము దాటి పైకి రాదు.

ఇంత లోతు నీరు తవ్వినది కాదు, మంచు తవ్వినది. పూర్వము హిమయుగములలో వేల అడుగుల మందముగల మంచు కొండలమీదినుండి సముద్రమువైపు మెల్లగా జరుగుచు, తన అడుగున ఇరుకుకొన్న రాళ్లతో లోయను ఒరసివేసినది. అది సముద్రమును చేరిన చోట పలుచబడి, తేలికపడి, తవ్వుడు మానినది. అందుచేతనే ఈ ఫియోర్డు లోపల అగాధము, ముఖద్వారమున గడప. ఆ గడపవద్ద లోతు 200 మీటర్లయినను లేదు. మంచు కరగి వెనుకకు పోగా సముద్రము ఆ గడప దాటి లోనికి వచ్చి నిలిచినది. లాంచీలో పాపికొండలకు పోయినవారికి రెండువైపుల కొండలు దగ్గరకు వచ్చి దారి మూసినట్లగుట అనుభవమే. కాని గోదావరి నీరు ఎటో పోవుచుండును. ఫియోర్డు నీరు ఎటును పోవుచున్నట్లు తోచదు. ఆ నిశ్చలతయే మొదట మనస్సునకు పట్టును.

మేము ఇరువురము, మాతో మా పిన్నిగారు. ఆమెకు అరువదియెనిమిది యేండ్లు, మోకాళ్లనొప్పి కలదు, శాకాహారి. ఈ మూడింటిని దృష్టిలో నుంచుకొనియే బాలెస్ట్రాండ్ అను చిన్న ఊరిని, అందు నీటి ఒడ్డుననే నిలిచియున్న క్విక్నె హోటలును ఎంచుకొంటిమి. పడవ దిగిన రేవునుండి హోటలు వాకిలికి నాలుగడుగులు. కొండలు ఎక్కనివారికిని కొండలు కనబడు చోటది.

అచ్చటికి చేరుటకు రెండు మార్గములు. బెర్గెన్ పట్టణమునుండి వేగముగా పోవు పడవలో నాలుగు గంటల ప్రయాణము, ఇది సులువు. రెండవది ఆస్లో నుండి రైలులో మ్యుర్దాల్ వరకు పోయి, అక్కడ మరియొక రైలెక్కి ఫ్లోమ్ అను ఊరికి దిగి, ఆ ఊరి రేవునుండి పడవలో పోవుట. ఇది అలసట గలది. మేము దీనినే ఎంచుకొంటిమి. పోవునప్పుడు రైలు, వచ్చునప్పుడు పడవ అను వరుస మంచిదని ఇప్పటికిని మా అభిప్రాయము.

ఆస్లో - బెర్గెన్ రైలుమార్గము 1909లో పూర్తియైనది. బండి గోధుమచేలు, అడవులు దాటి క్రమముగా పైకి పోయి చెట్టు మొలవని పీఠభూమిని చేరును. అందు ఫిన్సె అను స్టేషను 1,222 మీటర్ల యెత్తున నున్నది. జూన్ నెలలోకూడ పట్టాలప్రక్క మంచు కుప్పలు పడియుండెను. పెట్టెలోనివారందరు ఉన్నికోట్లు తొడుగుకొనుచుండిరి. ఈ మార్గము చాలవరకు ఒంటిదారి. ఎదురుగా వచ్చు బండికి దారి యిచ్చుటకై మా బండి ఆ పీఠభూమిమీద చాలసేపు నిలిచిపోయినది. ఫ్లోమ్ వద్ద పడవ తప్పిపోయినచో ఆ దినమునకు వేరొకటి లేదు. మేము గడియారము చూచుచుంటిమి. పిన్నిగారు మాత్రము కిటికీ చూచుచుండిరి. "పడవ పోతే పోనీండర్రా, ఇలాంటి చోటు మళ్లీ ఎప్పుడు చూస్తాం?" అని ఆమె అనిరి. క్రింది రైలు మాకొరకు నిలిచియున్నందున పడవ తప్పలేదు.

మ్యుర్దాల్ నుండి ఫ్లోమ్ కు పోవు రైలును గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. దూరము 20 కిలోమీటర్లు మాత్రమే. ఆ కొద్ది దూరములో బండి 866 మీటర్ల యెత్తునుండి సముద్రమట్టమునకు దిగును. దారిలో ఎక్కువ భాగమున వంద అడుగులకు అయిదున్నర అడుగుల వాలు. ఊటీ కొండరైలునకువలె నడుమ పండ్లపట్టా లేదు. మామూలు చక్రములు మామూలు పట్టాలమీదనే దిగును. సొరంగములు 20. వానిలో 18 మనుష్యులు చేతులతో తొలిచినవి. ఒక్క మీటరు తొలుచుటకు ఒక మనిషికి ఒక నెల శ్రమ పట్టినదని లెక్క చెప్పుదురు. 1920లలో ఆరంభమైన పని 1940లో ముగియుచుండగా ఆ ఏప్రిలులోనే జర్మనులు నార్వేను ఆక్రమించిరి. ఆ ఆగస్టులో ఈ దారిన బండ్లు నడవసాగినవి. ఆవిరియంత్రములు పోయి విద్యుత్తు వచ్చినది 1944లో. ఆ విద్యుత్తునకు దారిలోని క్యోస్ జలపాతమే ఆధారము.

ఆ జలపాతమువద్ద బండి కొన్ని నిముషములు ఆగును. తుంపరలు ముఖమును తడుపుచుండగా పాట యొకటి వినవచ్చినది. పైన పాడుపడిన గోడచాటునుండి ఎర్రచీర కట్టినట్లున్న స్త్రీ యొకతె నాట్యమాడుచు కనబడి మాయమయ్యెను. మరల వేరొక రాతిమీద కనబడెను. అడవిలో మనుష్యులను మోహింపజేయు హుల్డ్రా అను మోహిని కథను వేసవిలో నాట్యవిద్యార్థినులు ఇట్లు ప్రదర్శింతురు. ఒకతె మాయమగుట, ఇంకొకతె కనబడుట కిటుకు. మాకది కొంత ఎక్కువయనిపించినది. జలపాతమునకు తోడు వేషమెందుకని తోచినది. పిన్నిగారికి మాత్రము చాల నచ్చినది.

ఫ్లోమ్ రేవున ఒక పెద్ద విహారనౌక నిలిచియుండెను. కొండలనడుమ ఆ ఊరు ఎంత చిన్నదన్న, నౌకయే ఊరు, ఊరు దాని నీడ అన్నట్లుండెను. వేలమంది ఒక్కసారి దిగి, రెండు మూడు గంటలు తిరిగి, మరల ఎక్కిపోవుదురు. గాలిలేని దినములలో అట్టి నౌకల పొగ ఈ ఇరుకు లోయలలోనుండి కదలక, మసక తెరవలె కొండలకు అంటుకొనియుండునని ఆ ప్రాంతమువారి ఫిర్యాదు. ఫ్లోమ్ కు సమీపమున నున్న నేరోయ్ ఫియోర్డు కొన్నిచోట్ల 250 మీటర్ల వెడల్పు మాత్రమే గలది. 2005లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. అట్టి ఫియోర్డులలో పొగ విడుచు ఓడలు తిరుగరాదని 2018లో నార్వే పార్లమెంటు తీర్మానించినది. 2026 నాటికే అందరికి వర్తింపవలసిన ఆ నియమమును తరువాత సడలించి, 10,000 టన్నులలోపు ఓడలకు 2026 జనవరినుండి, అంతకు మించినవానికి 2032నుండి అని గడువులు పెట్టిరి. చిన్నవానికి ముందు, పెద్దవానికి వెనుక! ఈ వరుసలోని న్యాయము మాకు బోధపడలేదు. ఓడలవలన బ్రదుకు గడుపుకొను అంగళ్లవారి మాట వేరుగా నుండునని యెరుగుదుము. కాని ఆ లోయను చూచినవారికి పొగ యొక్క మాట మరచుట కష్టము.

మా పడవ చిన్నది, వేగముగలది. ఔర్లాండ్ ఫియోర్డు దాటి సోగ్నె ఫియోర్డులో ప్రవేశించినప్పుడు ఒక్కసారి ఆకాశము పెద్దదైనట్లు తోచినది. రెండు గంటలలోపుననే బాలెస్ట్రాండ్ చేరితిమి. రేవు మెట్టుమీద కూర్చుండి పిన్నిగారు నీటిలో వ్రేలు ముంచి నాలుకపై నుంచుకొనిరి.

"ఏమర్రా, ఇది సముద్రమే అన్నారే. ఉప్పు అంతగా లేదేం?"

ఆమె ప్రశ్న సరియైనదే. వేసవిలో కొండలమీది మంచు కరిగి వేలకొలది వాగులుగా ఫియోర్డులోనికి దుముకును. మంచినీరు తేలిక; అందుచేత అది ఉప్పునీటిపై మీగడవలె పరచుకొనును. క్రింద సముద్రము, పైన కొండనీరు. ఈ రెండును త్వరగా కలిసిపోవు.

హోటలు చరిత్ర చెప్పినచో ఊరి చరిత్ర సగము చెప్పినట్లే. 1752నుండి ఇచ్చట ఒక సత్రమున్నది. 1877లో అది క్విక్నె కుటుంబము చేతికి వచ్చినది. తెల్లని రంగు పూసి, వరుసవరుసల వసారాలతో నిలిచియున్న ఇప్పటి కొయ్యభవనము 1913 నాటికి పూర్తియైనది. ప్రక్కన తరువాతి కాలమున లేచిన చదునైన పెద్ద భవనమును గూర్చి మేమేమియు చెప్పము; గదులు దానిలోనుండి చూడ బాగుగనే యున్నవి. పాత భవనములో ఇవార్ హోయ్‌విక్ అను శిల్పి చెక్కిన కొయ్యసామాను గల హాలొకటి కలదు. కుర్చీల చేతులు, తలుపుల కమ్ములు అన్నియు మెలికలు తిరిగిన డ్రాగనులు. మన రథములమీది యాళి విగ్రహములు చూచినవారికి అవి కొత్తగా తోచవు.

భోజనమును గూర్చి శ్రోతలలో కొందరికి ఆతురత యుండును. రాత్రి భోజనము ఒక పొడవైన బల్లమీద పరచియుంతురు. అందు పదింట ఏడు చేపలు. మిగిలినవానిలో ఉడికించిన బంగాళాదుంపలు, దోసకాయలు, రొట్టెలు, పండ్లు, పెరుగు శాకాహారులకు సరిపోవును. గోధుమవర్ణపు జున్ను ఒకటి యున్నది. జున్ను తీసిన విరుగుడు నీటిని, పాలమీగడను చిక్కబడువరకు కాచి దానిని చేయుదురు. కొంచెము తీపి, పాలకోవను మాడుదాక కాచినచో అట్టి రుచి వచ్చును. పిన్నిగారు పెరుగులో బంగాళాదుంపలు మెదిపి ఆవకాయ నంజుకొని తృప్తిపడిరి. ఆవకాయ మనదే, సీసా ఆమె సంచిలో నుండెను. ఖర్చుమాట అడిగినచో ఆ దేశమున చౌకయైనది కుళాయినీరొక్కటే. అది మాత్రము అమృతము.

ఈ హోటలు ఎదుటి నీటిలోనే 1914 జూలైలో జర్మను చక్రవర్తి రెండవ విల్హెల్మ్ విహారనౌక లంగరు వేసియుండెను. 1889నుండి ఆయన దాదాపు ప్రతి వేసవి నార్వే తీరమునకు వచ్చుచుండెడివాడు. బాలెస్ట్రాండ్ ఆయనకు మిక్కిలి ప్రియమైన చోటు. జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగినది. అయినను జూలై 6న చక్రవర్తి యథాప్రకారము విహారమునకు బయలుదేరెను. జూలై 23న ఆస్ట్రియా సెర్బియాకు గడువుతో కూడిన తుదిలేఖ నిచ్చినది. 25వ తేదీన ఆయన ఈ రేవు విడిచి స్వదేశమునకు పోయెను. ఆగస్టు 1న జర్మనీ రష్యాపై యుద్ధము ప్రకటించినది. మరల ఆయన ఇచ్చటికి రాలేదు. ఆయన కూర్చున్న కుర్చీ యని యొకటి హోటలులో చూపుదురు. దానిలో కూర్చుండగనే దుర్వార్త చేరినదని స్థానికుల కథ. కథ యెట్లున్నను, ఆ వసారాలో నిలిచి, అద్దమువంటి ఆ నీటిని చూచుచు, కోటిమంది ప్రాణములమీదికి రానున్న విపత్తును తలచుకొనుట కష్టముగా నుండెను. అంతటి ప్రశాంతత ఆయన మనస్సున కేమియు నేర్పలేకపోయెనా యని మాలో మేము చాలసేపు మాటలాడుకొంటిమి.

ఊరిలో చూడదగినవి నడకదూరముననే కలవు. సెయింట్ ఓలాఫ్ ఆలయమను చిన్న కొయ్యగుడి 1897లో వెలసినది. ఇంగ్లండునుండి కొండలెక్కుటకు వచ్చిన మార్గరెట్ గ్రీన్ అను మతగురువు కుమార్తె, క్విక్నె వంశమువానిని వివాహమాడి ఇచ్చటనే నిలిచిపోయినది. ఆమె 1894లో క్షయవ్యాధిచే మరణించినది. ఇంగ్లీషువారికొక ప్రార్థనామందిరము కావలెనను ఆమె కోరికను భర్త నెరవేర్చెను. వేసవిలో నేటికిని అందు ఇంగ్లీషులో ప్రార్థనలు జరుగును. ఊరిచుట్టును చిత్రకారుల భవనములు కలవు. వారిలో అదెల్‌స్టేన్ నోర్మన్ అనువాడు ఫియోర్డులను ఎండలో మెరయునట్లు చిత్రించి జర్మనీలో అమ్మెడివాడు. ఆ పటములు చూచియే యాత్రికులు వచ్చుట హెచ్చినది. 1892లో ఎడ్వర్డ్ మూంక్‌ను బెర్లినులో ప్రదర్శనకు పిలిపించినవాడును ఇతడే. ఆ ప్రదర్శనపై గొడవ చెలరేగి వారము తిరుగకమునుపే మూయవలసివచ్చినది. ఎండవెలుగుల చిత్రకారుడు చీకటి చిత్రకారుని పిలుచుట వింతయే.

మరునాడు పడవలో ఫ్యార్లాండ్ పోయితిమి. ఒకటిన్నర గంటల దారి. పోనుపోను నీటిరంగు మారి పాలు కలిపిన పచ్చవలె నగును. మంచునది రాతిని నూరగా వచ్చిన పిండి అది. ఎదుట కొండల చీలికలో నీలివర్ణపు మంచు వ్రేలాడుచుండును. అది యోస్తెదాల్స్ హిమానీనదపు పాయ. ఐరోపా ప్రధానభూభాగమున దానికన్న పెద్ద హిమానీనదము లేదు; 2019 నాటి కొలతలో సుమారు 460 చదరపు కిలోమీటర్లు.

1986వరకు ఫ్యార్లాండుకు రోడ్డు లేదు. పెండ్లికైనను, ప్రసవమునకైనను, పిండిబస్తాకైనను పడవయే దిక్కు. ఆ యేడు మంచుకొండ అడుగున తొలిచిన సొరంగమును ప్రారంభించుటకు అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ వచ్చెను. ఆయన పూర్వులు ఇచ్చటి ముండాల్ పల్లెవారు. ఇంటిపేరుకూడ ఆ పల్లెదే. 1994లో రెండవ దిక్కున మరియొక దారి తెరచిరి. పడవలకొరకు కాచుకొనియుండు ఊరిలో పడవల పని తగ్గిపోయెను. బండ్లు ఊరిలో నిలువక సాగిపోవు నని భయపడినవారు ఒక యుపాయము చేసిరి. 1990లలో ఖాళీపడిన పశువులశాలలను, పడవల కొట్టములను, అంగళ్లను పాతపుస్తకముల దుకాణములుగా మార్చిరి. ఇప్పుడు ఊరికి 'పుస్తకముల ఊరు' అని పేరు. పశువుల గాటివద్ద నవలలు, గడ్డివామి చోట చరిత్రగ్రంథములు! మనుష్యులు లేని చోట డబ్బుపెట్టె మాత్రముంచి, తీసికొన్న పుస్తకమునకు వెల అందు వేయుమన్నారు. రాజమహేంద్రవరము, విజయవాడ పాతపుస్తకాల అంగళ్లలో యెండన బడి తిరిగిన మాకు ఆ ఊరు విడువ బుద్ధి పుట్టలేదు.

ఊరికి పైన హిమానీనదముల ప్రదర్శనశాల కలదు. శిల్పి స్వెర్రె ఫేన్ నిర్మించిన ఆ కాంక్రీటు భవనమును 1991లో తెరచిరి. మంచు ఎట్లు కదలును, రాతి నెట్లు కోయును అనునవి అందు చేతితో తాకి తెలిసికొనవచ్చును. అది తెరచిన కాలమున ఒక వింత జరిగినది. 1990లలో శీతకాలపు మంచు మిక్కుటముగా కురిసి, ఈ ప్రాంతపు హిమానీనదములు కొన్ని ముందుకు సాగినవి, చెట్లనుకూడ పడద్రోసినవి. హిమానీనదము అపాయములో నున్నదనువారిని చూచి అప్పుడు నవ్వినవారు కలరు. 2000 తరువాత గతి మారినది. నాటినుండి ఎడతెగక వెనుకకే పోవుచున్నవి. బోయా హిమానీనదపు పాదమున నున్న చిన్న సరస్సువద్ద మేము నిలిచితిమి. పాతచిత్రములలో మంచు నేలవరకు దిగియుండెను. మాకు కనబడినది నల్లని రాతిగోడ, దానిపైన చాల యెత్తున మంచు అంచు. మేమక్కడ నుండగనే పైనుండి ఒక తునక విరిగి పడెను. శబ్దము వినవచ్చుటకు ముందే అది పిండియై పోయెను. అందరును చప్పట్లు కొట్టిరి. పిన్నిగారు కొట్టలేదు. "ఇల్లు కూలుతూంటే చప్పట్లేమిటర్రా" అనిరి.

నాలుగవ దినమున ఫియోర్డు దాటి వాంగ్స్‌నెస్ పోయితిమి. అక్కడ కొండనెత్తిన పీఠముతో కూడి 22 మీటర్లకు పైబడిన ఫ్రిత్యోఫ్ వీరుని విగ్రహము నిలిచియున్నది. పాతకథలో ఇతడు బెలె రాజు కుమార్తె ఇంగెబోర్గ్‌ను ప్రేమించినవాడు. స్వీడిషు కవి టెగ్నేర్ 1825లో కావ్యముగా వ్రాయగా ఐరోపాయంతట వ్యాపించినది. ఆ కావ్యమున కాసక్తుడై, 1913 జూలై 31న ఈ విగ్రహమును నార్వే ప్రజలకు కానుకగా ఆవిష్కరించినవాడు ఆ జర్మను చక్రవర్తియే. యుద్ధమునకు సరిగా ఒక యేడు ముందు!

అచ్చటినుండి బస్సులో వీక్ అను ఊరు దగ్గరనే. అక్కడి హోపర్‌స్టాడ్ కొయ్యచర్చి 1130 ప్రాంతపుది. మన నేలయందైనచో కొయ్య అన్ని వందలయేండ్లు నిలువదు; చెదలకే చాలదు. అక్కడివారు చేసిన ఉపాయము సామాన్యమైనది. పూర్వపు గుళ్లలో స్తంభములను నేలలో పాతగా అడుగులు కుళ్లిపోయినవి. వీరు రాళ్లమీద దూలములు పరచి, ఆ దూలములమీద స్తంభములు నిలిపిరి. కొయ్య నేలను తాకదు. పైన తారు పూయుచుందురు. లోపల కిటికీ లేని చీకటి, తారువాసన. కన్నులు అలవాటుపడిన కొలది ఒక్కొక్క స్తంభము చీకటిలోనుండి బయటకు వచ్చును.

1880 నాటికి ఈ గుడి శిథిలమై పడగొట్టుటకు సిద్ధముగా నుండెను. పేతెర్ బ్లిక్స్ అను శిల్పి దానిని కాపాడుటకు పూనుకొని, ఆ దశాబ్దమంతయు పాటుపడి మరల నిలబెట్టెను. దగ్గరనే యున్న హోవె రాతిచర్చినికూడ సొంతధనము వెచ్చించి బాగుచేయించెను. ఆయన అస్థికలను ఆ రాతిచర్చి గోడలోనే నిక్షేపించిరి. తాళపుచెవి తెచ్చి తలుపు తీసిన యువతి ఆ గోడను చేతితో తట్టి చూపినది. పిన్నిగారు చెప్పులు వాకిటనే విడిచి లోనికి వచ్చి, ఆ చోట నొక నిముషము నిలిచిరి. తరువాత సాయంకాలపు ఓడ వేళ యైనందున బస్సువద్దకు నడచితిమి.